కాపలా కొలువు పోయిన కుక్క

చోడవరంలో పెంపుడు కుక్క ఉన్న ఏ ఇంటివాళ్లను కదిపినా చెప్పే మాటలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. గుమ్మంలో విడిచిన జత చెప్పుల్లో ఒకటి కనబడదు. నిన్న నాటిన బంతి మొక్క పక్కన ఇవాళ గొయ్యి ఉంటుంది. గ్యాస్ బండ తెచ్చే కుర్రాడు నెలనెలా వస్తున్నా అతని మీద మొరుగుడు ఆగదు. పెట్టిన చపాతీని తినకుండా పట్టుకుపోయి పూలకుండీ మట్టిలో దాచి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంటుంది. పడుకోబోయే ముందు గోనెపట్టా మీద నాలుగు చుట్లు తిరిగి, గోళ్లతో గీకి, అప్పుడు గాని ముడుచుకోదు. వీటన్నిటినీ కలిపి అల్లరి అంటాం, వచ్చినవాళ్లకు ముచ్చటగా చెప్పుకుంటాం, సహనం చచ్చినప్పుడు కర్ర తీస్తాం. నా దృష్టిలో ఇందులో అల్లరి పాలు తక్కువ. మిగతాదంతా ఈ నేల మీద కుక్క తరతరాలుగా చేసిన కాపలా పని. కొలువు ఊడింది, అలవాటు మిగిలింది. చుట్టూ ఇల్లూ వీధీ పొలమూ మారిపోయాయి గాని కుక్క పెద్దగా మారలేదు. ఈ సంగతి తెలియకుండా దాన్ని దండించడం అన్యాయం.

చోడవరం 2022 ఏప్రిల్ 4 దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఆనాటి నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారినా ఇది చెరకు నేలే. గోవాడ సహకార చక్కెర కర్మాగారం రాకముందూ, వచ్చిన తర్వాతా ఈ చుట్టుపక్కల చెరకు బెల్లమై అనకాపల్లి బజారుకు చేరుతూనే ఉంది. చెరకు మీద పరిశోధనకు అనకాపల్లిలో 1913లోనే కేంద్రం పెట్టారంటే ఈ పంట ఇక్కడ ఎంతగా వేళ్లూనుకుందో ఊహించుకోవచ్చు. చెరకు తోటకు నాలుగు కాళ్ల శత్రువులు ఇద్దరు: నక్క, అడవిపంది. నక్క గెడను కొరికి రసం పీల్చి వదిలేస్తుంది. పందులు గుంపుగా దిగి తిన్నదానికంటే ఎక్కువ విరిచిపోతాయి. మాడుగుల వైపు కొండల అంచున ఉన్న పొలాలకు ఈ బెడద మరీ ఎక్కువ. ఎదిగిన తోటలోకి రాత్రిపూట మనిషి దూరలేడు, చూపు రెండు బారలు దాటదు, ఆకు ఒళ్లు కోసేస్తుంది. లోపల కదిలింది గాలో జంతువో ముక్కుతో, చెవితో తేల్చి చెప్పగలిగింది కుక్క ఒక్కటే. తోట కోతకొచ్చాక కాపలా బెల్లం పాక దగ్గరికి మారేది. పుష్య మాఘాల చలిలో తెల్లవారకముందే పెనం కింద పిప్పి మండుతుంటే చుట్టూ ఎద్దులు, ఆరబెట్టిన పిప్పి వాములు, పోతపోసిన దిమ్మలు, నిద్రలేని కూలీలు. పొయ్యి పక్క వెచ్చటి బూడిదలో చోటు కుక్కది. కొత్త అడుగు పాక దాకా రాకముందే కబురు చెప్పడం దాని పూచీ.

ఇప్పుడు మళ్లీ ఆ ఫిర్యాదుల దగ్గరికి వద్దాం. గ్యాస్ కుర్రాడి మీద మొరిగే గొంతు ఆ పాక దగ్గర మెప్పు పొందిన గొంతే. గోనెపట్టా మీద చుట్లు తిరగడం ఆరుబయట గడ్డి తొక్కి, పురుగూ పుట్రా లేకుండా పక్క సర్దుకున్న జంతువు చేష్ట అని జంతుశాస్త్రం తెలిసినవాళ్లు చెబుతారు. మొక్కల పాదు తవ్వేది చలిలో బూడిదకుప్పలో, వేసవిలో తడిమట్టిలో గొయ్యి చేసుకుని పడుకున్న జాతి. చపాతీ పాతిపెట్టడం కుక్కకు తోడేలు వంశం ఇచ్చిన బుద్ధి. రేపు దొరుకుతుందో లేదో తెలియని బతుకులో దానికి విలువ ఉంది, రెండు పూటలా గిన్నె నిండే ఇంట్లో లేదు.

కొలువన్నాక జీతం ఉండాలి. గంజి, చోడి అంబలి, చద్దన్నం, విస్తళ్లలో మిగిలిన మెతుకులు, పండగనాడు ఎముకలు, ఇదీ ఆ జీతం. ఒక్క ఇల్లే పెట్టేది కాదు, పొద్దున ఒక అరుగు దగ్గర, మధ్యాహ్నం ఇంకో గుమ్మంలో వీధి మొత్తం పెట్టేది. అందుకే ఆ కుక్క ఏ ఒక్కరిదీ కాదు, వీధిది. ఈ తిండి బేరం కుక్క ఒంట్లోకి కూడా ఎక్కింది. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ ఆక్సెల్సన్ బృందం 2013లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పిండిపదార్థాన్ని అరిగించుకునే ఒక జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయి. అంటే మనిషి పండించిన ధాన్యం తిని బతకడానికి కుక్క లోపలినుంచే తయారైంది. అంబలి దానికి దిక్కులేక తిన్న తిండి అనుకోనక్కర్లేదు. అయితే మాంసం మీద ఆశ పోలేదు. కోల్‌కతాలోని ఐసర్ పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం వీధి కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో, అన్నీ తినే ఆ కుక్కలు ముందుగా మాంసం వాసన ఉన్నదాన్నే వెతుక్కుంటాయని తేలింది. పెరుగన్నాన్ని మూతితో పక్కకు నెట్టి అడుగున చేప ముక్క ఉందేమోనని చూసే పెంపుడు కుక్కది పొగరు కాదు. చెత్తకుప్పలో ఏది ముందు తినాలో నేర్చుకున్న తెలివి అది. ఈ జీతపు లెక్క మన పెద్దలకూ తెలుసు. హితోపదేశంలో చాకలి ఇంట దొంగ పడ్డ రాత్రి కుక్క నోరు మెదపదు. యజమాని తనకు సరిగా తిండి పెట్టడం లేదని గాడిదతో వాదిస్తుంది. కుక్క చెయ్యాల్సిన పనికి పూనుకున్న గాడిదకు దెబ్బలు పడ్డ సంగతే పిల్లలకు చెబుతాం గాని, కథ నడిచేదంతా కాపలాకూ కూటికీ మధ్య ఉన్న ఒప్పందం మీదే.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. తెలుగువాడు కుక్కను ఎన్నడు గౌరవించాడు? కనుమనాడు ఎద్దుకు పసుపు పూసి దండ వేస్తాం, కుక్కకు వెయ్యం. అది ముట్టుకుంటే మైలన్నాం. మన భాషలో అది తిట్టు. సుమతీ శతకం దాన్ని బంగారు గద్దె ఎక్కించినా మారని నీచగుణానికి ఉదాహరణ చేసింది. వేమన చెప్పులు కొరికే కుక్కను ఎత్తిచూపి దానికి చెరకు తీపి ఏం తెలుస్తుందని అడిగాడు. ఇంత చిన్నచూపు ఉన్నచోట కొలువు, జీతం అంటూ మాట్లాడటం లేని అనుబంధాన్ని కల్పించడమేనని ఎవరైనా అనవచ్చు. చిన్నచూపు నిజమే, దాన్ని దాచనక్కర్లేదు. కాని మైల పేరిట గడప దాటనివ్వని ఆచారమే కుక్కను అరుగు మీద, కళ్లంలో, పాక దగ్గర, అంటే సరిగ్గా దాని పని ఉన్నచోట నిలిపింది. గౌరవం లేకపోయినా ఒప్పందం సాగుతుంది, మనుషుల మధ్య కూడా అలా సాగినవి మన ఊళ్లలో తక్కువేం కావు. పైగా గౌరవం బొత్తిగా లేదనడమూ సరికాదు. ధర్మరాజు స్వర్గద్వారం దాకా వెంట వచ్చిన కుక్కను వదలనన్నాడు. పొరుగున కన్నడ దేశంలో 949-50 నాటి ఆతకూరు శాసనం, అడవిపందితో పోరాడి చచ్చిన కాళి అనే వేటకుక్కకు రాయి నిలిపి, పూజకు భూమి ఇచ్చిన సంగతి చెబుతోంది. తమిళనాడులోని ఎడుత్తనూరులో 7వ శతాబ్దపు వీరగల్లు మీద చనిపోయిన వీరుడి పక్కన కోవివన్ అనే కుక్కను పేరుతో సహా చెక్కారు. ఇక వేమన ప్రశ్నకు జవాబు కూడా చెప్పాలి. కుక్కకు తీపి తెలుస్తుంది. తీపిని గుర్తించే జన్యువు పనిచెయ్యనిది పిల్లిలో, కుక్కలో అది చక్కగా పనిచేస్తుంది. వేమన ఆ కుక్కను అల్పుడికి ఉపమానంగా వాడుకున్నాడు, అది కవి హక్కు. చెరకు పండే ఊళ్లో మాత్రం ఆ ఉపమానాన్ని కుక్క మీద నేరారోపణగా చదవకూడదు. చెప్పు కొరకడానికి ఒక కారణం అందులో యజమాని చెమట వాసన దట్టంగా ఉండటం.

నేరారోపణ అనగానే మన మహాభారతం మొదట్లోనే ఒక కేసు ఉంది. జనమేజయుడి యాగశాలకు వచ్చిన, సరమ అనే ఆడకుక్క కొడుకును రాజు తమ్ముళ్లు కొట్టారు. హవిస్సు ముట్టలేదు, కన్నెత్తి చూడలేదు, ఏ తప్పూ లేకుండా నా బిడ్డను ఎందుకు కొట్టారని ఆ తల్లి రాజును నిలదీసింది, జవాబు రాకపోతే శపించింది. 11వ శతాబ్దిలో నన్నయ ఈ కథను తెలుగు చేశాడు. నేటి ఇళ్లలో ఇదే కేసు రోజూ నడుస్తోంది. బయటి నుంచి వచ్చిన యజమాని చిందరవందరైన గది చూసి గొంతు పెంచగానే కుక్క చెవులు వెనక్కి వాల్చి, చూపు తిప్పుకుని, తోక కాళ్ల మధ్య దాచుకుంటుంది. తప్పు ఒప్పుకుందని మనం తీర్పు చెప్పేస్తాం. అమెరికాలోని బార్నార్డ్ కళాశాలలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ఈ తీర్పును పరీక్షించింది. తినవద్దన్న తినుబండారాన్ని కొన్ని కుక్కలు తిన్నాయి, కొన్ని తినలేదు. యజమానులకు మాత్రం కొన్నిసార్లు తప్పుడు కబురు చెప్పారు. తప్పు చేసినా చెయ్యకపోయినా, తిట్లు పడ్డప్పుడే ఆ ముఖం ఎక్కువగా కనబడింది. కుక్క చూపించేది పశ్చాత్తాపం కాదన్నమాట, ఎదుటివాడి కోపానికి బెదురు. సరమ అడిగిన ప్రశ్నకు ప్రయోగశాల నుంచి సాక్ష్యం రావడానికి ఇన్ని శతాబ్దాలు పట్టింది.

పని పోతే అలవాటు నేరంగా మారుతుందనడానికి తెలుగునేల మీదే ఇంకో ఉదాహరణ ఉంది. కొల్లేరు చుట్టుపక్కల జోనంగి అనే కుక్కజాతి ఉంది. పొట్టి బొచ్చు, ముడతల ముఖం, మొరగడానికి బదులు ఊళలాంటి కూత, నేలలో గొయ్యి తవ్వుకుని పడుకునే అలవాటు దాని గుర్తులు. బాతుల పెంపకందార్లు మందలను తోలడానికి, కాయడానికి దీన్ని వాడేవారు. బాతుల చోటును చేపల చెరువులు ఆక్రమించాక ఆ కొలువు పోయింది. అవే కుక్కలు చెరువుల దగ్గర చేపలు ఎత్తుకుపోయే దొంగలని పేరు పడి దెబ్బలు తిన్నాయి, సంఖ్య తగ్గిపోయింది. అక్కడ మారింది గట్టు మీది వ్యాపారమే.

చోడవరంలో మార్పు అంత కరుకుగా రాలేదు. అరుగులు పోయి ప్రహరీలు లేచాయి, గేట్లు వచ్చాయి, గేటుకు తాళమూ కుక్కకు గొలుసూ వచ్చాయి. ఊరి కుక్క స్థానంలోకి బొచ్చుకుక్క చేరింది. 2003లో హచ్ ఫోన్ ప్రకటన తర్వాత దేశమంతటా పగ్ పిల్లల మీద మోజు పుట్టి చిన్న పట్టణాల దాకా పాకింది. చప్పిడి ముక్కుతో ఊపిరే కష్టమైన ఆ జాతిని మన మే నెల ఎండలోకి తేవడం మీద నాకు కోపమే ఉంది. కాపలా చూసేది ఇప్పుడు సీసీ కెమెరా. నాలుగు గోడల మధ్య కుక్కకు మిగిలింది గ్యాస్ కుర్రాడూ, చెప్పూ, పూలకుండీ. ఇదంతా చరిత్ర కాదు, పిల్లతనం అనేవాళ్లూ ఉన్నారు. కొంత నిజం. మూడు నుంచి ఏడు నెలల మధ్య పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చేటప్పుడు చిగుళ్ల దురదకు ఏ కుక్కపిల్లయినా దొరికినదల్లా కొరుకుతుంది, దానికి చెరకు తోటలతో సంబంధం లేదు. కాని ఐదేళ్ల కుక్క కూడా తవ్వుతూ, దాస్తూ, మొరుగుతూ ఉంటే పిల్లతనం సరిపోదు. పొద్దునా సాయంత్రం దారి పొడవునా వాసన చూడనిస్తూ తిప్పిన కుక్క ఇంట్లో తక్కువ కొరుకుతుందని పశువైద్యులు చెప్పేదీ ఇందుకే. ముక్కుకు పని దొరికితే నోటికి తీరిక ఉండదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం రేబిస్. వీధి మొత్తం పెంచిన కుక్కకు టీకా ఎవరూ వేయించలేదు, దాని కాటుకు మనుషులు చచ్చిపోయారు. మద్రాసు రాజధానిలో పిచ్చికుక్క కరిచినవాళ్లకు వైద్యం కోసం 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థ మొదలైంది. విశాఖ జిల్లా పల్లె మనిషికి అదెంత దూరమో పటం చూస్తే తెలుస్తుంది. తర్వాత బొడ్డు చుట్టూ సూదులు వచ్చాయి, వాటి భయం ఒక తరం మొత్తానికి గుర్తే. ప్రపంచంలో రేబిస్ మరణాల్లో 36 శాతం దాకా భారత్‌లోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, వాటిలో పిల్లలవీ చాలానే ఉన్నాయి. ఆ పాత ఏర్పాటు తిరిగి రావాలని అందుకే నేను అనను. అది కుక్కకు చోటు ఇచ్చింది, మనిషికి భద్రత ఇవ్వలేకపోయింది. కుక్కలను చంపి ఈ సమస్య తీర్చుకునే దారిని మనం చాలాకాలం నడిచి చూశాం. 2001లో, మళ్లీ 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స, టీకా కలిపి చెయ్యమంటున్నాయి. కుక్క పాత బతుకును అర్థం చేసుకున్నవాళ్లకు ఈ రెండూ భారమనిపించవు. కొలువు మనమే తీసేశాం కాబట్టి పోషణ, వైద్యం బాధ్యత మనదే అవుతుంది.

1885 జులై 6న లూయీ పాశ్చర్ జోసెఫ్ మీస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడికి తొలి రేబిస్ టీకా వేయించాడు. ఆ తేదీనే జూనోసిస్ దినంగా పాటిస్తూ మన రాష్ట్రంలో ప్రభుత్వ పశువైద్యశాలలు కుక్కలకు ఉచితంగా టీకా వేస్తున్నాయి. చోడవరం వాళ్లు గొలుసు కట్టిన కుక్కతో పాటు, తమ వీధి అన్నం తిని గేటు బయట పడుకునే కుక్కను కూడా ఆ రోజు తీసుకువెళ్లాలి.