తరుగు లెక్క: ఒకే పేరు, మూడు బర్బన్ సీసాలు

"సీసా మీద రాసిందంతా నిజమేనని నీకెవరు చెప్పార్రా?"

2023 అక్టోబర్‌లో మా నాన్న సిన్సినాటికి, మా ఇంటికి వచ్చినప్పుడు అడిగిన ప్రశ్న ఇది. ఆయన మందు ముట్టరు. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు గోడౌన్ లెక్కలు చూసి, రిటైరయ్యారు. మా అలమరలో ఒకే పేరున్న సీసాలు మూడు పక్కపక్కనే కనిపించేసరికి, "ఒకటి చాలదా?" అన్నారు. మూడూ ఒకటి కాదని చెప్పడం మొదలుపెట్టాను. చెప్పేకొద్దీ, నాకు తెలుసనుకున్నవాటిలో ఎన్ని తెలుసో నాకే అనుమానం వచ్చింది. ఈ వ్యాసం ఆ అనుమానంలోంచి వచ్చిందే.

ముందు ఆ సీసాల సంగతి. వాటి పేరు ఎలైజా క్రెయిగ్ బ్యారెల్ ప్రూఫ్. కెంటకీలోని హెవెన్ హిల్ కంపెనీ ఏడాదికి మూడు విడతలుగా, తక్కువ మోతాదులో విడుదల చేసే బర్బన్. మామూలు విస్కీకి సీసాలో నింపేముందు నీళ్లు కలిపి ఘాటుని ఒక స్థాయికి దించుతారు. దీనికి కలపరు. పీపాల్లోంచి ఎంత ఘాటుగా వస్తే అంతే. అందుకని ప్రతి విడతకీ ఘాటు మారుతుంది, రుచీ మారుతుంది. 2017 నుంచి ప్రతి విడతకీ ఒక కోడ్ ఇస్తున్నారు. అందులో అక్షరం ఆ ఏడాదిలో ఎన్నో విడతో చెబుతుంది, తర్వాతి అంకె నెల, చివరి రెండూ సంవత్సరం. సి923 అంటే 2023లో మూడో విడత, సెప్టెంబర్‌ది. మా ఆఫీసులో రిలీజ్‌లకి మేం పెట్టుకునే నంబర్లూ ఇలాగే ఉంటాయి. నాకీ పిచ్చి పట్టడానికి సగం కారణం అదేనేమో.

నా దగ్గరున్నవి ఇవి. ఏ120: పన్నెండేళ్లది, 136.6 ప్రూఫ్. బి523: 11 ఏళ్ల 5 నెలలు, 124.2 ప్రూఫ్. సి923: 13 ఏళ్ల 7 నెలలు, 133 ప్రూఫ్. అమెరికా లెక్కలో ప్రూఫ్‌ని సగం చేస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది. వయసు అంటే, కలిపిన పీపాలన్నిట్లోకీ చిన్నదాని వయసు. 2023 మొదటి విడత దాకా ప్రతిదాని మీదా పన్నెండేళ్లనే ఉండేది. బి523తో ఆ పద్ధతి పోయింది. ఇకమీదట ఏ విడత వయసు దానిదే అన్నారు. పన్నెండు నుంచి పదకొండున్నరకి దిగింది కదా, ఇక దీని పని అయిపోయిందని తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. సెప్టెంబర్‌లో సి923 పదమూడున్నరేళ్ల వయసుతో వచ్చేసరికి, తిట్టినవాళ్లమే షాపుల చుట్టూ తిరిగాం. నిజం చెప్పాలంటే, మూత తియ్యకముందే నా ర్యాంకులు ఖాయమైపోయాయి: సి923 మొదటిది, ఏ120 రెండోది, బి523 ఆఖరుది.

అదిగో, ఆ సమయంలో వచ్చింది నాన్న ప్రశ్న. సీసా మీద రాసినదాన్ని ఎందుకు నమ్మాలి?

ఆయన ఊరికే అడగలేదు. 1995లో మన దగ్గర మద్యనిషేధం పెట్టినప్పుడు ఆయన మిల్లులోనే ఉన్నారు. రెండేళ్లకి ఎత్తేశారు కానీ, ఆ రెండేళ్లూ సీసాలో ఏముందో తాగేవాడికే కాదు, అమ్మేవాడికి కూడా తెలిసేది కాదంటారు. కెంటకీ విస్కీ కూడా ఒకప్పుడు అదే స్థితిలో ఉండేది. పందొమ్మిదో శతాబ్దంలో విస్కీ పీపాల లెక్కన సరఫరా అయ్యేది. పీపా డిస్టిలరీలో బయల్దేరి, టోకు వ్యాపారి చేతిలో పడి, సారాకొట్టుకి చేరేలోపు ఏదైనా జరగొచ్చు. కొందరు వ్యాపారులైతే పచ్చి స్పిరిట్‌లో మాడ్చిన చక్కెర, ప్రూన్ పళ్ల రసం, పొగాకు లాంటివి కలిపి, రంగు రప్పించి, పాత విస్కీ అని అమ్మేసేవాళ్లు. 1870లో జార్జ్ గార్విన్ బ్రౌన్ అనే లూయివిల్ వ్యాపారి ఓల్డ్ ఫారెస్టర్‌ని మూసి సీలు వేసిన సీసాల్లోనే అమ్మడం మొదలుపెట్టాడు. ఆయన మూడు డిస్టిలరీల సరుకు తెచ్చి, కలిపి, ప్రతిసారీ ఒకే రుచి వచ్చేలా చూసుకునేవాడు. అంటే, విడతకీ విడతకీ తేడా రాకుండా చూడడమే ఆనాటి నిజాయితీ. ఇవాళ నాలాంటివాళ్లం ఆ తేడా కోసమే డబ్బు పెడుతున్నాం!

1897 మార్చిలో బాటిల్డ్ ఇన్ బాండ్ చట్టం వచ్చింది. దానికోసం గట్టిగా పాటుపడింది ఇ. హెచ్. టేలర్ అనే డిస్టిలరీ యజమాని, అప్పటి ఖజానా మంత్రి జాన్ కార్లైల్. విస్కీ ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్లో తయారవ్వాలి. ప్రభుత్వ తాళం ఉన్న గోడౌన్లో కనీసం నాలుగేళ్లు నిలవుండాలి. సరిగ్గా 100 ప్రూఫ్ దగ్గర సీసాలో నింపాలి. అలా చేస్తేనే ఆ ముద్ర. తాగేవాడికి సర్కారు ఇచ్చిన హామీ అది. 1906లో ఆహార, ఔషధాల కల్తీ మీద చట్టం వచ్చింది. అసలు విస్కీ అని దేన్ని పిలవొచ్చన్న తగాదా అధ్యక్షుడు టాఫ్ట్ దాకా వెళ్లి 1909లో తేలింది. ఇంత కథ చెబితే నాన్న విని, "అంటే తాళం గవర్నమెంటు దగ్గర, సరుకు మిల్లువాడి దగ్గర. లెవీ బియ్యంలాగా," అన్నారు. నేను రెండు పేజీల్లో రాసేది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఆ వారాంతం ఆయన్ని తీసుకుని కెంటకీ వెళ్లాను. దారిలో జార్జ్‌టౌన్‌లో ఆగాం. సీసా మీద పేరున్న ఎలైజా క్రెయిగ్ ఊరు అది. ఆయన వర్జీనియాలో పుట్టిన బాప్టిస్టు బోధకుడు. అనుమతి లేకుండా బోధించినందుకు అక్కడ జైలుకి కూడా వెళ్లాడు. తర్వాత కెంటకీకి వచ్చి, ఈ ఊరు వేసి, బడీ, బట్టల మిల్లూ, కాగితం మిల్లూ పెట్టాడు. భూములూ బానిసలూ ఉన్న ఆసామి. 1808లో పోయాడు. 1789లో పీపా లోపలివైపు కాల్చి, అందులో విస్కీ పోసి, బర్బన్‌ని కనిపెట్టింది ఆయనేనని కథ.

ఈ కథ ఎలా పుట్టిందో చూస్తే నవ్వొస్తుంది. 1874లో రిచర్డ్ కాలిన్స్ రాసిన కెంటకీ చరిత్రలో, మొదటి బర్బన్ 1789లో జార్జ్‌టౌన్‌లోని రాయల్ స్ప్రింగ్ ఊట దగ్గర మిల్లులో తయారైందని ఒక చిన్న ప్రస్తావన ఉంది. మనిషి పేరు లేదు. కాల్చిన పీపా ఊసు లేదు. ఆ మిల్లు ఎవరిదని వెతికితే క్రెయిగ్ దొరికాడు. దొరికినవాడు బోధకుడు కావడంతో, మద్యం పాపమనే నోళ్లకి జవాబు కూడా దొరికినట్టయింది. హెన్రీ క్రోగీ 1971లో వేసిన పుస్తకంలో తొలినాటి కెంటకీ విస్కీ రికార్డులన్నీ తిరగేశాడు. ఒక్కడు కూర్చుని బర్బన్‌ని కనిపెట్టాడనడానికి ఆధారమేమీ దొరకలేదు. ఎంతోమంది రైతులు మిగిలిన మొక్కజొన్నని సారా కాచుకుంటూ, అనుభవం మీద నేర్చుకుంటూ వచ్చిన పని అది. ఇక ఎలైజా క్రెయిగ్ అనే బ్రాండ్ వయసు నాకంటే కాస్త ఎక్కువంతే. అది 1986లో పుట్టింది.

రాయల్ స్ప్రింగ్ నీళ్లు ఇప్పటికీ పారుతున్నాయి. నా సీసాల్లోని విస్కీకీ ఆ ఊటకీ ఏ సంబంధమూ లేదు. 1996 నవంబర్ 7న బార్డ్స్‌టౌన్‌లో హెవెన్ హిల్ గోడౌన్లు ఏడు కాలిపోయాయి. తొంభై వేలకు పైగా పీపాలు, వాటితోపాటు డిస్టిలరీ కూడా బూడిదయ్యాయి. కొన్నాళ్లు వేరేవాళ్ల దగ్గర కాచుకుని, 1999లో లూయివిల్‌లోని బెర్న్‌హైమ్ డిస్టిలరీని కొనుక్కున్నారు. నా మూడు సీసాలూ అక్కడ కాచినవే. పేరు ఒక ఊరిది, సరుకు ఇంకో ఊరిది.

బార్డ్స్‌టౌన్ చేరాక నాన్న మొహం వెలిగింది. కారణం గోడౌన్లు. చెక్క చట్రం మీద రేకు కొట్టి, ఆరేడు అంతస్తులు లేపి, ఏసీ గీసీ లేకుండా, ఎండకీ చలికీ వదిలేసిన గోడౌన్లు. గోడలనిండా నల్లటి బూజు. పీపాల్లోంచి లేచే ఆవిరి తిని బతికే శిలీంధ్రం అది. "తరుగెంత?" అని అడిగారు నాన్న, మొట్టమొదట.

దేవతల వాటా అని ఇక్కడ ముద్దుగా పిలిచేదానికి అంతకన్నా మంచి మాట నాకు తెలీదు. పీపాలో సుమారు 200 లీటర్లు పడుతుంది. ఏటా మూడు నాలుగు శాతం ఆవిరైపోతుంది. పన్నెండేళ్లకి మూడో వంతు పైగా పోతుంది. నాన్న తల ఊపి తన అనుభవం చెప్పారు. నెట్టు కట్టిన వడ్లలో పైవరస బస్తాలు ఎండి బరువు తగ్గుతాయి, అడుగువి చెమ్మ పట్టి అంతగా తగ్గవు. లెక్క రాసేవాడు ఏ వరసలోంచి తూకం వేశాడో చూడకుండా తరుగుని నమ్మకూడదు.

నేను అంకెలు బట్టీపట్టాను గానీ ఇంతకాలం ఆలోచించనిది ఇదే. చట్టం ప్రకారం పీపాలో పోసేటప్పుడు విస్కీ 125 ప్రూఫ్ దాటకూడదు. హెవెన్ హిల్ ఆ 125 దగ్గరే పోస్తుంది. పై అంతస్తుల్లో వేడి ఎక్కువ, గాలి పొడి. అక్కడ ఆల్కహాల్ కంటే నీళ్లు ఎక్కువగా పోతాయి. దాంతో మిగిలినదాని ఘాటు పెరుగుతుంది. కింది అంతస్తుల్లో చల్లదనం, చెమ్మ. అక్కడ ఘాటు దాదాపు అలాగే ఉంటుంది, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. ఈ లెక్కన ఏ120 పన్నెండేళ్లలో 11.6 పాయింట్లు పెరిగింది. సి923 ఇంకా ఏడాదిన్నర ఎక్కువ ఉండి కూడా ఎనిమిదే పెరిగింది. బి523 పదకొండున్నరేళ్లు గడిపి, పోసినదానికంటే కాస్త కిందకే వచ్చింది. ఎన్నో పీపాలు కలిపిన సరాసరి ఇది, కాబట్టి ఏ పీపా ఎక్కడుందో దీన్నిబట్టి చెప్పలేం. కానీ వయసు ఒక దారినా ఘాటు ఇంకో దారినా వెళ్తాయని మాత్రం తేలిపోయింది. ఏళ్లు కాలం లెక్క. ప్రూఫ్ చోటు లెక్క.

ఇంకో సంగతి. బ్యారెల్ ప్రూఫ్ అంటే తాతల నాటి అసలు రుచి అని ఒక నమ్మకం ఉంది, నాకూ ఉండేది. 1962 దాకా పీపాలో పోసే ఘాటు పరిమితి 110 ప్రూఫే. దాన్ని 125కి పెంచారు. ఎక్కువ ఘాటుతో పోస్తే అదే సరుక్కి తక్కువ పీపాలు చాలు, గోడౌన్లో చోటూ కలిసొస్తుంది. అంటే 136 ప్రూఫ్ అనే అంకెలో తాతల పుణ్యం కంటే ఖర్చుల పొదుపుకే వాటా ఎక్కువ. నీళ్లు కలపకుండా అమ్మడం కూడా కొత్త అలవాటే. డెబ్భైల్లో జనం వోడ్కా వైపు మళ్లి బర్బన్ పడుకున్నాక, జిమ్ బీమ్ మనవడు బుకర్ నో 1988లో తన పేరుతో అలాంటి సీసా మార్కెట్లోకి తెచ్చాడు. ఆ దారిలోనే 2013లో ఎలైజా క్రెయిగ్ బ్యారెల్ ప్రూఫ్ వచ్చింది.

తిరిగొచ్చాక ఒక శనివారం ముగ్గురు మిత్రుల్ని పిలిచాను. నాన్న వంటింట్లో మూడు సీసాల్లోంచీ పోసి, గ్లాసుల కింద చీటీలు పెట్టి, తెచ్చిచ్చారు. ఏది ఏదో ఆయనకొక్కరికే తెలుసు. మొదటి గ్లాసు దాల్చినచెక్క ఘాటు, ముదిరిపోయిన బెల్లం పాకం, నాలుక మొద్దుబారింది. నాలుగు చుక్కలు నీళ్లు వేస్తేగానీ లొంగలేదు. రెండోది చిక్కగా, పాత టేకు బీరువా తలుపు తీసినట్టు, చివర్లో కాస్త వగరు. మూడోది వేయించిన వేరుశెనగ, లేతపాకం, నారింజ తొక్క. నీళ్లు అడగలేదు. నేను మూడోదాన్ని పైన పెట్టి, ఇదే సి923 అని ధీమాగా చెప్పాను. చీటీ తిప్పితే బి523. రెండోది సి923, మొదటిది ఏ120. నలుగురిలో ఇద్దరం బి523నే ఎంచాం.

పొరపాటు నాలుకది కాదు. నేను నెలల తరబడి తిట్టింది ఒక అంకెని, విస్కీని కాదు. 2017లో విస్కీ అడ్వకేట్ పత్రిక ఆ ఏటి మేటిగా ఎంచిన బి517 ప్రూఫ్ కూడా సరిగ్గా 124.2. ఆ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసి కూడా అప్పుడు దాన్ని మెచ్చుకుని, ఇప్పుడు దీన్ని తీసిపారేశాను. మధ్యలో పోయింది ఏడు నెలల వయసు మాత్రమే. పెద్దక్షరాల్లో ఉన్న బోధకుడి కథ నమ్మేవాళ్లని చూసి నవ్వుకునేవాణ్ని. చిన్నక్షరాల్లో ఉన్న అంకెతో నేనూ చేసింది అదే. అంకె నిజమే. దాన్ని నేను కథ చేసుకున్నాను. ఆ అంకె, ఎవరో 2010లోనో 2011లోనో ఇన్ని పీపాలు నింపుదామని తీసుకున్న నిర్ణయం, ఏ అంతస్తులో చోటుంటే అక్కడికి దొర్లించిన కూలీ, ఆ తర్వాతి ఎండలు, వీటన్నిటి లెక్క. మంచీ చెడూ అందులో రాసి ఉండవు.

నాన్న డిసెంబర్‌లో వెళ్లిపోయారు. 2024 మొదటి విడత ఏ124 చేతికొచ్చినప్పుడు ఫోన్లో చదివి వినిపించాను: 10 ఏళ్ల 9 నెలలు, 119 ప్రూఫ్.

"పోసింది 125 కదా?"

"అవును నాన్నా."

"అయితే ఈసారి అడుగు వరస బస్తాలు పంపార్రా," అన్నారు. తర్వాత ఒక్క క్షణమాగి, "రుచి చూశావా మరి?" అని అడిగారు.

ఇంకా మూత తియ్యలేదు.