సిమరాన్ కౌంటీ: అయిదు రాష్ట్రాలు కలిసే చోట తరిగిపోతున్న జనం

సిమరాన్ కౌంటీ అమెరికా సంయుక్త రాష్ట్రాల్లోని ఓక్లహోమా రాష్ట్రానికి పడమటి కొసన ఉన్న వ్యవసాయ ప్రాంతం. భూ విస్తీర్ణం సుమారు 4,750 చదరపు కిలోమీటర్లు. 2020 జనగణన ప్రకారం జనాభా 2,296. అంటే సగటున ఒక్కో మనిషికి రెండు చదరపు కిలోమీటర్లకు పైగా నేల ఉన్నదన్నమాట. ఓక్లహోమాలోని 77 కౌంటీల్లో అతి తక్కువ జనాభా గలది ఇదే. 1930లో ఇక్కడ 5,408 మంది నివసించేవారు. ఆ సంఖ్యను ఈ కౌంటీ మళ్లీ ఎన్నడూ అందుకోలేదు.

కౌంటీని తెలుగులో జిల్లా అనడం పరిపాటి. రాష్ట్రానికి దిగువన ఉండే పాలనా అంచెగా ఆ పోలిక సరిపోతుంది. అయితే జిల్లా అనగానే మనకు స్ఫురించే కలెక్టరు వంటి నియమిత అధికారి అక్కడ ఉండరు. ప్రజలు ఎన్నుకున్న ముగ్గురు కమిషనర్లు కౌంటీ వ్యవహారాలు చూస్తారు. శాంతిభద్రతలు చూసే షెరీఫ్‌ను కూడా ప్రజలే ఎన్నుకుంటారు.

సరిహద్దులు

పటంలో ఓక్లహోమా ఆకారం కాడ ఉన్న పెనంలా కనిపిస్తుంది. పడమరకు సాగిన ఆ సన్నని కాడ పొడవు సుమారు 267 కిలోమీటర్లు, వెడల్పు 55 కిలోమీటర్లు. దాని చిట్టచివరి భాగమే సిమరాన్ కౌంటీ. ఉత్తరాన కొలరాడో, కాన్సస్. పడమట న్యూ మెక్సికో. దక్షిణాన టెక్సాస్ రాష్ట్రాలు దీన్ని ఆనుకొని ఉన్నాయి. తన రాష్ట్రం కాక మరో నాలుగు రాష్ట్రాలను తాకే కౌంటీ అమెరికా మొత్తంలో ఇదొక్కటే. తూర్పున ఉన్నది ఓక్లహోమాకే చెందిన టెక్సాస్ కౌంటీ. దక్షిణాన టెక్సాస్ రాష్ట్రం, తూర్పున టెక్సాస్ కౌంటీ ఉండడంతో వార్తలను అనువదించేవారు ఇక్కడ తరచు తడబడుతుంటారు.

ఈ వింత ఆకారం వెనుక బానిసత్వపు చరిత్ర ఉన్నది. బానిసలను అనుమతించే రాష్ట్రంగా కొనసాగేందుకు టెక్సాస్ 1850లో 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన ఉన్న భూములను వదులుకున్నది. 1854లో కాన్సస్ దక్షిణపు హద్దు 37 డిగ్రీల వద్ద ఖరారయింది. మధ్యలో మిగిలిన పట్టీ ఏ రాష్ట్రానికీ చెందలేదు. కొమాంచీ, కయోవా తెగల వేటభూమి అయిన ఆ నేలకు చట్టం లేదు, పట్టాలు లేవు, న్యాయస్థానం లేదు. అందుకే దానికి ‘నో మ్యాన్స్ ల్యాండ్’ అన్న పేరు స్థిరపడింది. 1890లో దాన్ని ఓక్లహోమా టెరిటరీలో కలిపారు. 1907లో ఓక్లహోమా రాష్ట్రంగా ఏర్పడినప్పుడు ఆ పట్టీని మూడు కౌంటీలుగా విభజించారు.

భూస్వరూపం పడమరకు పోయేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. తూర్పు భాగమంతా గడ్డి మైదానం. వాయవ్య మూలకు చేరేసరికి కొండలు, ఇసుకరాతి లోయలు ఎదురవుతాయి. అక్కడి బ్లాక్ మెసా లావా గడ్డకట్టి ఏర్పడిన బల్లపరుపు కొండ. 1,516 మీటర్లతో ఓక్లహోమాలోకెల్లా ఎత్తయిన స్థలం దానిమీదనే ఉన్నది. ఆ పరిసరాల్లో రాక్షసబల్లుల శిలాజాలు, పాదముద్రలు బయటపడ్డాయి. కొండ దాపున ఉన్న కెంటన్ అనే చిన్న ఊరు అధికారికంగా కాకపోయినా తన గడియారాన్ని న్యూ మెక్సికో, కొలరాడోల కాలానికి అనుగుణంగా పెట్టుకుంటుంది. రాష్ట్ర రాజధాని ఓక్లహోమా సిటీ కన్నా శాంటా ఫే, డెన్వర్ నగరాలే ఈ ప్రాంతానికి దగ్గర.

మోసంతో మొదలైన ముఖ్య పట్టణం

కౌంటీ కేంద్రం బాయిస్ సిటీ. ఐడహో రాష్ట్ర రాజధాని బాయిసీతో అక్షరక్రమం ఒకటే అయినా ఇక్కడివారు చివరి అచ్చును పలకరు. పేరుకు మూలం చెట్లు, అడవి అనే అర్థమిచ్చే ఫ్రెంచి మాట అని చెబుతారు. పట్టణం పుట్టుక కూడా చెట్ల మోసంతోనే ముడిపడి ఉన్నది. చెట్ల నీడన చక్కని వీధులు ఉన్నాయంటూ 1908లో కొందరు వ్యాపారులు కరపత్రాలు పంచి, దూరప్రాంతాల వారికి స్థలాలు అమ్మారు. కొన్నవారు వచ్చి చూస్తే ఉన్నది బయలే. నిర్వాహకులు తపాలా ద్వారా మోసం చేసిన నేరానికి కారాగారం పాలయ్యారు. ఊరు మాత్రం నిలిచింది.

1943 జూలై 5 అర్ధరాత్రి ఇదే పట్టణంపై సొంత దేశపు విమానమే బాంబులు వేసింది. టెక్సాస్‌లోని డాల్‌హార్ట్ స్థావరం నుంచి శిక్షణకు బయలుదేరిన బి-17 విమానం, న్యాయస్థానం చుట్టూ వెలుగుతున్న దీపాలను గురిగా పొరబడింది. అవి ఇసుక నింపిన అభ్యాస బాంబులు కావడంతో ఎవరికీ గాయాలు కాలేదు.

దుమ్ము దశాబ్దం

ఈ కౌంటీ పేరు ప్రపంచానికి తెలిసినది 1930 దశకపు ధూళి తుపానుల వల్ల. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో గోధుమకు మంచి ధర పలికింది. ఆ తరువాత ట్రాక్టర్లు వచ్చాయి. వేళ్లతో నేలను పట్టి ఉంచిన పొట్టి గడ్డిని లక్షల ఎకరాల్లో దున్నేశారు. సగటున ఏటా సుమారు 450 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ప్రాంతమిది. 1920ల చివర వానలు బాగా పడడంతో ఆ సంగతి చాలామంది మరిచారు. ధర పడిపోగా, నష్టం పూడ్చుకోవడానికి మరింత నేల దున్నారు. 1931 నుంచి వానలు ముఖం చాటేశాయి. పైరు లేక, గడ్డి లేక విడివడిన పైమన్ను గాలికి లేచింది.

1935 ఏప్రిల్ 14 ఆదివారం నాటి తుపాను పగటిని చీకటి చేసింది. ‘బ్లాక్ సండే’గా పిలిచే ఆ రోజు అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరి రాబర్ట్ గీగర్, తన ఛాయాగ్రాహకుడితో కలిసి బాయిస్ సిటీ సమీపంలో దారి మధ్యన చిక్కుకుపోయారు. మరునాడు ఆయన పంపిన వార్తలోనే ‘డస్ట్ బౌల్’ అన్న మాట తొలిసారి వాడుకలోకి వచ్చింది. ‘దుమ్ము గిన్నె’ అని అనువదిస్తే అర్థం రాదు. అందుకే చాలా భాషలు ఆ మాటను ఉన్నదున్నట్టు స్వీకరించాయి. అదే నెల 27న మృత్తికా సంరక్షణ సంస్థను నెలకొల్పే చట్టం వచ్చింది. దానికి హ్యూ బెనెట్ అధిపతి అయ్యారు. వాలుకు అడ్డంగా దున్నడం, గాలిని అడ్డుకునే చెట్ల వరుసలు పెంచడం, కొన్ని భూములను తిరిగి గడ్డికి వదిలేయడం వంటి పద్ధతులు అప్పుడు వ్యాపించాయి. ప్రభుత్వం కొన్న బీడు భూముల్లో కొంత భాగం నేడు రీటా బ్లాంకా జాతీయ గడ్డిభూమి.

1936లో ఆర్థర్ రోత్‌స్టీన్ తీసిన ఛాయాచిత్రం, దుమ్ము గాలిలో తల వంచుకుని కొట్టం వైపు నడుస్తున్న రైతు, అతని ఇద్దరు కొడుకులు, ఈ కౌంటీలోనిదే. 1940 జనగణన నాటికి జనాభా 3,654కు పడిపోయింది. పదేళ్లలో దాదాపు మూడో వంతు జనం తగ్గారు. మరో కోణంలో చూస్తే మూడింట రెండు వంతుల జనాభా మిగిలి ఉన్నది. కాలిఫోర్నియాకు తరలిన ఓక్లహోమా వలసదారులందరినీ ధూళి బాధితులుగా భావించడం పొరపాటు. వారిలో అధికులు రాష్ట్రపు తూర్పు, మధ్య ప్రాంతాల కౌలురైతులు. జాన్ స్టైన్‌బెక్ నవల ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’లోని జోడ్ కుటుంబం బయలుదేరిన సాలిసా కూడా తూర్పు సరిహద్దు దగ్గరి ఊరే.

నీరు, జనం

1950లో జనాభా 4,589కి పెరిగింది. అటుపైన ప్రతి జనగణనలోనూ తగ్గింది: 1980లో 3,648, 2000లో 3,148, 2010లో 2,475. దుమ్ము పదేళ్లలో చేసినదానికన్నా యంత్రాలు డెబ్బై ఏళ్లలో ఎక్కువ మందిని ఖాళీ చేయించాయి. ఒకప్పుడు ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చి స్థిరపరచింది. ఇప్పటి సేద్యానికి వేల ఎకరాలు కావాలి, మనుషులు కొద్దిమందే చాలు. నేటి జనాభాలో సుమారు ఐదో వంతు స్పానిష్ మూలాలు ఉన్నవారు. బాయిస్ సిటీలో 1,166 మంది, అంటే కౌంటీ జనంలో సగం, నివసిస్తున్నారు.

గోధుమ, జొన్న, మొక్కజొన్న ముఖ్య పంటలు. పశుపోషణ విస్తారం. నీటి వసతి ఉన్నచోట బావి చుట్టూ చక్రంలా తిరిగే గొట్టాలతో తడుపుతారు. విమానం నుంచి చూస్తే పొలాలు పచ్చని వృత్తాలుగా కనిపిస్తాయి. ఆ నీరు ఎనిమిది రాష్ట్రాల కింద పరుచుకున్న ఒగల్లాలా భూగర్భ జలపొర నుంచి వస్తున్నది. తోడినంత వేగంగా అది తిరిగి నిండదు. ఓక్లహోమా చట్టం భూగర్భ జలాన్ని నేల యజమాని ఆస్తిగా పరిగణిస్తుంది. ఒకరు పొదుపు చేసిన నీటిని పక్క పొలం బోరు లాగే అవకాశం ఉన్నందున పొదుపుపై ఏకాభిప్రాయం కష్టం. నీటిమట్టం దిగినచోట రైతులు మొక్కజొన్న మాని తక్కువ తడితో పండే జొన్నకు, లేదా పూర్తిగా మెట్ట సేద్యానికి మళ్లుతున్నారు. అప్పుడు పంటకు ఆధారం మళ్లీ ఆ 450 మిల్లీమీటర్ల వానే.