గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో వైద్య నిర్లక్ష్యం, రోగి భద్రత

వృత్తికి తగిన జాగ్రత్త వైద్యుడు తీసుకోనందువల్ల రోగికి హాని జరిగితే చట్టం దాన్ని వైద్య నిర్లక్ష్యం అంటుంది. ఆ హాని జరగకుండా ఆసుపత్రి ముందే చేసుకునే ఏర్పాట్లు రోగి భద్రత. పత్తి, మిర్చి పండే ఈ ప్రాంతంలో (2022లో పల్నాడు, బాపట్ల జిల్లాల్లోకి వెళ్ళిన ఊళ్ళతో కలిపి) జబ్బు చేసిన మనిషి చాలాసార్లు ముందు ఊళ్ళో ఆర్‌ఎంపీకి చూపించుకుంటాడు. తగ్గకపోతే నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు నర్సింగ్‌హోములకు, పరిస్థితి విషమిస్తే గుంటూరు కొత్తపేటలోని ప్రైవేటు ఆసుపత్రులకో ప్రభుత్వ పెద్దాసుపత్రికో చేరతాడు. ఏ చోట ఏ ఇంజక్షన్ చేశారో రాసిన చీటీ అన్నిసార్లూ అతని వెంట రాదు. తర్వాత తగాదా వస్తే తప్పు ఎవరిదో తేల్చడం అక్కడే కష్టమవుతుంది.

1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చేదాకా నష్టపరిహారానికి సివిల్ దావా ఒక్కటే దారి. 1995 నవంబరు 13న వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు, డబ్బు తీసుకుని చేసే వైద్యం ఈ చట్టం కిందికి వస్తుందని తేల్చింది. దాంతో రోగులు జిల్లా వినియోగదారుల ఫోరం మెట్లెక్కగలిగారు. అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులను మాత్రం అదే తీర్పు మినహాయించింది. పైసా కట్టలేక అలాంటి ఆసుపత్రికి వెళ్ళిన మిర్చి కూలీకి ఆ మెట్లు అందలేదు. ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధాకరమైన లోటు ఇదే.

ఆ తర్వాతి పెద్ద తీర్పుల్లో రెండు హైదరాబాదు ఆసుపత్రుల కేసుల్లో వచ్చాయి. 1990లో అక్కడి నిమ్స్ ఆసుపత్రిలో ఛాతీలోని కణితికి ఆపరేషన్ జరిగాక ఓ ఇంజనీరింగ్ విద్యార్థి నడుము కింది భాగం చచ్చుబడింది. కణితి తొలగించడానికి సరైన సమ్మతి తీసుకోలేదని, న్యూరోసర్జన్‌ను పిలవలేదని తేలింది. చక్రాల కుర్చీలో ఉండి తన కేసు తానే వాదించుకున్న అతనికి 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇప్పించింది. మలేరియా శాఖ ఉద్యోగి ఒకరు వేసిన మరో కేసులో, మలేరియా వచ్చిన ఆయన భార్యకు టైఫాయిడ్ వైద్యం చేయగా ఆమె చనిపోయింది. తప్పు కళ్ళకు కనబడుతున్నప్పుడు ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అడగనక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ మెట్ట ప్రాంతపు వైద్యులకు అసలు పరీక్ష పురుగుమందు కేసుల్లో ఎదురవుతుంది. చేలో మందు కొడుతూ పడిపోయినవాళ్ళూ, అప్పుల బాధతో తాగినవాళ్ళూ ఒకే క్యాజువాలిటీకి వస్తారు. పోలీసు కేసు అవుతుందన్న భయంతో చేర్చుకోకుండా పంపేయడం నేరుగా ప్రాణం మీదికి తెస్తుంది. ముందు వైద్యం, తర్వాతే పోలీసు లాంఛనాలు అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇక్కడ జాగ్రత్త అంటే చాలా చిన్న పనులు: బంధువులు తెచ్చిన మందు డబ్బా మీది పేరు చదవడం, విరుగుడుగా ఎట్రోపిన్ ఇచ్చిన ప్రతిసారీ కేస్‌షీట్‌లో మోతాదు, టైము, కంటిపాప సైజు రాయడం, పైఊరికి పంపితే ఆ కాగితం నకలు వెంట ఇవ్వడం. రోగిని కాపాడేదీ, రేపు వినియోగదారుల కమిషన్ ముందు డాక్టరును కాపాడేదీ ఆ కేస్‌షీటే. రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. సమ్మతి పత్రం సంగతీ అంతే. చదవలేని ఇంగ్లీషు కాగితంపై వేలిముద్ర వేయించుకుంటే సరిపోదు, ప్రమాదమేమిటో రోగికి అర్థమయ్యేలా చెప్పాలని 2008 నాటి సమీరా కోహ్లీ తీర్పు సారం.

వైద్యుల భయాలూ నిజమైనవే. ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప క్రిమినల్ కేసు నిలవదని, వేరే వైద్యుడి అభిప్రాయం తీసుకోకుండా పోలీసులు ముందుకు పోరాదని 2005లో జేకబ్ మాథ్యూ తీర్పు రక్షణ ఇచ్చింది. ఆసుపత్రులపై దాడులకు మూడేళ్ళదాకా జైలు విధించే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వచ్చింది. ఇండెమ్నిటీ పాలసీ నష్టపరిహారం కడుతుంది గానీ జైలుశిక్షకు అడ్డుపడదు. 2024 జులై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యంతో రోగి మరణానికి కారణమైన వైద్యుడికి గరిష్ఠ శిక్ష రెండేళ్ళ జైలు.

హాని అన్నిసార్లూ వైద్యుడి చేతి నుంచే రాదు. 2015 ఆగస్టులో గుంటూరు పెద్దాసుపత్రి నవజాత శిశువుల వార్డులో ఎలుకలు కరిచి ఓ పసిబిడ్డ చనిపోయింది. రాష్ట్రమంతా నివ్వెరపోయింది. అక్కడ మందు తప్పలేదు, కత్తి తప్పలేదు. తప్పింది వార్డు శుభ్రత, రాత్రిపూట కాపలా. ఏ ఒక్క వైద్యుడి తప్పూ కాని అలాంటి వైఫల్యానికి బాధ్యుణ్ణి పట్టుకోవడం చాలా కష్టం. ఇక కేసు వేయడం విషయానికొస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక రోగి తానుండే ప్రాంతపు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. పల్నాడు రైతు హైదరాబాదు ఆసుపత్రి మీద కేసుకు హైదరాబాదు దాకా పోనక్కర్లేదు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రుల్లో చికిత్స పొందినవారికి మాత్రం ఇప్పటికీ హైకోర్టులో రిట్, మానవ హక్కుల కమిషన్, సివిల్ దావా వంటి దారులే మిగిలాయి.