‘అట’ అను రెండక్షరములు

తెలుగున ‘అట’ యను చిన్న మాట కలదు. తాము చూడని సంగతిని చెప్పునపుడు మనవారు దానిని వాక్యము చివర చేర్తురు. ఇంటిలో వస్తువు కనపడకపోయిన నాడు, “నిన్న పనిమనిషి ఆ గదిలోనికి పోయినదట” అని పొరుగువారందురు. ఆ మాట రెండు గడపలు దాటునప్పటికి ‘అట’ జారిపోవును; దొంగ యను పేరు మిగులును. నలుదిక్కులనుండి బతుకుదెరువుకై వచ్చినవారు పక్కపక్కల కాపురముండు ఉప్పల్, నాచారము వంటి చోట్ల ఒకరి పుట్టుపూర్వోత్తరములు మరియొకరికి తెలియవు గనుక, ఈ జారుట మరింత సులువు.

ఈ ‘అట’కు శాసనబలము లభించిన కాలమొకటి మన చరిత్రలో కలదు.

1871లో ఆంగ్ల ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసినది. ఒక తెగ దొంగతనములకు అలవాటుపడినదని ప్రభుత్వము నమ్మినచో ప్రకటన వెలువరించును; దానిని ప్రశ్నించు అధికారము ఏ న్యాయస్థానమునకును లేదు. ఆ తెగవారు పేర్లు నమోదు చేయించుకొనవలెను. అనుమతి చీటి లేక హద్దు దాటరాదు. ఆ మరుసటి ఏడే, 1872లో, అదే ప్రభుత్వము సాక్ష్య చట్టమును తెచ్చినది. చూచిన సంగతిని చూచినవాడే చెప్పవలెననియు, వినికిడి చెల్లదనియు దాని సూత్రము. ఒకే దేశమున ఒకే ఏలిక రెండు తూనికలు పట్టినది: ఒకటి మనుష్యునికి, మరియొకటి తెగకు.

1911 చట్టముతో ఈ ఏర్పాటు మదరాసు రాజధానికిని వ్యాపించినది. తెలుగునాట దాని బరువును మోసినవారిలో ఎరుకలవారు ముఖ్యులు. వీరిలో పెక్కుమంది పశువులపై ఉప్పును, ధాన్యమును ఊరూర అమ్మి బ్రతికినవారు. రైలుబండి ఆ వర్తకమును హరించినది. బేరము పోయినను తిరుగుట మానలేదు. సరకు లేక తిరుగువాడు ఊరివారి కంట దొంగగా కనబడెను. గ్రామాధికారులు, తలారులు, భూస్వాములు వీరి రాకపోకలను పోలీసువారికి తెలుపవలెనని చట్టమే విధించినది. పొరుగువారి మాట ఆ విధముగా సర్కారు పనియైనది.

1913 ప్రాంతమున బాపట్ల సమీపమున సాల్వేషన్ ఆర్మీవారి ఆధ్వర్యవమున స్టూవర్టుపురము వెలసినది. అచ్చట నివసించినవారిలో దొంగిలినవారు లేరని మేమనము. కాని దొంగిలినవానికి వానిపై రుజువైన నేరమునకే శిక్ష విధింపవలెను. పాలు విడువని బిడ్డకు ఏ రుజువుతో ఆ పేరు పెట్టిరి?

మదరాసు ప్రభుత్వము 1947లో ఈ చట్టమును రద్దు చేసినది. 1952 ఆగస్టు 31న దేశమంతట రద్దైనది. చట్టము పోయినను మాట పోలేదు. ముప్పదితొమ్మిదేండ్ల తరువాత, 1991లో, ‘స్టూవర్టుపురం దొంగలు’ అను చలనచిత్రము వెలువడినది. ఊరి పేరే నేరము పేరుగా నిలిచినదనుటకు ఇంతకంటె ఏమి కావలెను?

2024లో పాత సాక్ష్య చట్టము స్థానమున కొత్తది అమలునకు వచ్చినను, చూచినవాడే చెప్పవలెనను సూత్రము మారలేదు. ఇంటిలో సొమ్ము పోయినపుడు పోయిన వస్తువేదో, ఎప్పుడు పోయినదో పోలీసువారికి చెప్పుదము. పేరు చెప్పుటకు ముందు మాత్రము పొరుగువారిని ఒక్క ప్రశ్న అడుగుదము: “మీరు చూచితిరా?” జవాబులో ‘అట’ వినబడినచో, ఆ పేరు మన నోట రాకుండుటయే న్యాయము.