దుప్పటికి చిల్లెక్కడ?

మా అమ్మమ్మది ఘోషా పాటించే ఇల్లు. ఆవిడ పుట్టింటికి బయల్దేరితే గూడుబండికి ముందొక దుప్పటి, వెనకొక దుప్పటి కట్టేవారట. బండిలో ఎవరున్నారో ఊరికి తెలియకూడదు. "దుప్పటికి చిల్లెక్కడుందో వెతుక్కునేసరికే సగం దారి అయిపోయేదే అమ్మాయ్!" అని చెప్పి నవ్వేది.

ఆ చిల్లు మాట నాకు 2012 ఎండాకాలంలో గుర్తొచ్చింది. నడిరోడ్డు మీద ట్రాఫిక్ పోలీసు మా కారాపి, అద్దాల మీది నల్ల ఫిల్ము తీసెయ్యమన్నాడు. బోలెడు డబ్బు పోసి వేయించుకున్న ఫిల్ము! చెట్టుకింద ఒక కుర్రాడు సబ్బునీళ్ళ బకెట్టూ, బ్లేడూ పెట్టుకుని అప్పటికే దుకాణం తెరిచేశాడు. చర్రుమని పొర ఊడివస్తుంటే ఎండ వచ్చి నా ఒళ్ళో పడింది. ఎండ సంగతి సరే, రోడ్డంతా నన్నే చూస్తున్నట్టనిపించి చెంగు సర్దుకున్నాను. ఇంతకీ ఆ ఫిల్ము వేయించుకున్నది ఎండకా, ఘోషాకా అని అప్పుడనుమానం వచ్చింది.

బండికి పరదా కట్టడం మనకి కొత్తేం కాదు. విశాఖపట్నంలో విక్టోరియా ఆస్పత్రిని ఈనాటికీ జనం ఘోషాసుపత్రి అనే అంటారు. పాత హైదరాబాదులో ఆడవాళ్ళెక్కే రిక్షాలకి పరదాలుండేవి. మోటార్లొచ్చాక రాణులూ, బేగములూ ఎక్కే కార్లకీ తెరలు వేలాడాయి. తర్వాత్తర్వాత ఆడవాళ్ళు పరదా తీసి అవతల పారేస్తే, దాన్ని ఆఫీసర్లు తీసుకెళ్ళి తమ అంబాసిడర్లకి కట్టుకున్నారు. తెల్లటి తెర వేసిన కారొస్తే లోపల ఎవరో పెద్దమనిషి ఉన్నాడని లెక్క. మర్యాద గల ఆడదీ, అధికారం గల మగవాడూ ఒకే గుడ్డ వెనక దాక్కోవడం విడ్డూరం కాదూ!

ఆ తర్వాత గుడ్డపోయి నల్ల ఫిల్ము వచ్చింది.

చట్టం మాత్రం ముందునుంచే ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో నూరో నిబంధన చూడండి. అద్దం మీద పడ్డ వెలుతురులో ముందూ వెనకా అద్దాలు నూటికి 70 పాళ్ళు, పక్క అద్దాలు 50 పాళ్ళు లోపలికి పోనివ్వాలి. ఇరవై మూడేళ్ళపాటు ఆ నిబంధన కాగితం మీద హాయిగా నిద్రపోయింది. ఫిల్ము అమ్మేవాడు, "ఇది యాభై పర్సెంటే మేడమ్, రూలు ప్రకారమే" అనేవాడు. మనమూ నమ్మేవాళ్ళం. వంటింటి లెక్క వేసి చూస్తే కిటుకు తెలుస్తుంది. అద్దం తనంత తనే 70 పాళ్ళు వదులుతుందనుకోండి. దానిమీద సగం ఆపే ఫిల్ము అంటిస్తే లోపలికొచ్చేది 35 పాళ్ళే. నీళ్ళు కలిసిన పాలల్లో మళ్ళీ నీళ్ళు కలిపినట్టు!

కలకత్తాకి చెందిన అవిషేక్ గోయెంకా అనే ఆయన సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. నల్ల అద్దాల కార్లలో నేరాలు జరుగుతున్నాయనీ, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు కూడా జరుగుతున్నాయనీ ఆయన ఫిర్యాదు. 2012 ఏప్రిల్ 27న ప్రధాన న్యాయమూర్తి కపాడియాగారి ధర్మాసనం తీర్పు చెప్పింది. 70, 50 అన్న లెక్క అద్దానిదే, దానిమీద ఏ ఫిల్మూ అంటించడానికి వీల్లేదు, మే 4 నుంచి అమలు చెయ్యాలి అని. జెడ్, జెడ్ ప్లస్ రక్షణ ఉన్నవాళ్ళకి మాత్రం మినహాయింపు దొరికే వీలుంచారు. చూశారా, పరదా మళ్ళీ పెద్దవాళ్ళింటికే చేరింది.

మన ఫిల్ములు ఊడాయి. అందరివీ ఊడలేదు. అదే ఏడు డిసెంబరు 16 రాత్రి ఢిల్లీలో ఒక బస్సు రోడ్ల వెంట తిరుగుతూనే ఉంది. దానికి నల్ల అద్దాలూ ఉన్నాయి, తెరలూ ఉన్నాయి. లోపల ఏం జరుగుతోందో రోడ్డు మీదివాళ్ళకి తెలియలేదు. నిర్భయ అని దేశమంతా పేరు పెట్టుకుని ఏడ్చిన పిల్ల ఆ బస్సులోనే ఉంది. ఆ తర్వాతే బస్సుల తెరలూ, ఫిల్ములూ తీసెయ్యాలని ప్రభుత్వం హడావిడి పడింది. సబ్బునీళ్ళ కుర్రాడి దగ్గర నేను పడ్డ కోపం ఆ రోజుతో పోయింది.

కథ అక్కడాగలేదు. నూరో నిబంధనని సవరించారు. 2021 ఏప్రిల్ 1 నుంచి, ప్రమాణాలకి తగ్గట్టు ప్లాస్టిక్ పొర కలిపిన అద్దానికీ చోటిచ్చారు. ఆ సవరణ చూపించే 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, 70, 50 పాళ్ళ లెక్క తప్పనంతవరకూ ఫిల్ము ఉన్నా జరిమానా వెయ్యొద్దంది. మన వీధి చివర కానిస్టేబులు చెవిన ఆ మాట పడిందో లేదో మరి!

మా అక్క కూతురికి మాత్రం పడింది. ఉద్యోగం చేసుకుని రాత్రి తొమ్మిదింటికి ఒక్కతే కారు నడుపుకుంటూ వస్తుంది. "ఫిల్ము వేయిస్తాను పిన్నీ" అంది. నేను పాలూ నీళ్ళ లెక్క చెప్పాను, ఢిల్లీ బస్సు సంగతి చెప్పాను. అన్నీ విని, "ఒక్కరోజు సిగ్నలు దగ్గర నా పక్కన కూర్చుని చూడు" అంది.

కూర్చున్నాను. ఎర్రదీపం పడింది. పక్కన మోటారు సైకిలు మీద ఇద్దరు కుర్రాళ్ళు, మెడలు చాచి లోపలికి ఒకటే చూడ్డం. నా చెయ్యి దానంతటదే చెంగు మీదికి వెళ్ళింది. అది మాత్రం తల తిప్పి, అద్దంలోంచి వాళ్ళని సూటిగా, కన్నార్పకుండా చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఆ ఇద్దరూ తమ హెల్మెట్ల నల్ల అద్దాలు కిందికి దించేసుకున్నారు.