వాషింగ్టన్ ఒప్పందం (ఇంజనీరింగ్ విద్య)

వాషింగ్టన్ ఒప్పందం అనునది ఒక దేశంలో పొందిన ఇంజనీరింగ్ పట్టాను మరొక దేశంలో సమాన స్థాయి పట్టాగా గుర్తించుటకు ఏర్పడిన అంతర్జాతీయ ఒప్పందం. ఇది 1989లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, ఐర్లాండ్ దేశాల సంస్థల మధ్య కుదిరింది. ఇది ప్రభుత్వాల మధ్య ఒడంబడిక కాదు; ఆయా దేశాలలో ఇంజనీరింగ్ కోర్సుల నాణ్యతను పరిశీలించే సంస్థల మధ్య ఒడంబడిక.

భారతదేశ సభ్యత్వం

ఈ ఒప్పందంలో భారతదేశం తరఫున నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రిడిటేషన్ (ఎన్.బి.ఏ.) సభ్యత్వం కలిగి ఉంది. దీనిని అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 1994లో నెలకొల్పగా, 2010లో స్వతంత్ర ప్రతిపత్తి లభించింది. 2007లో తాత్కాలిక సభ్యత్వం, 2014 జూన్ 13న శాశ్వత సభ్యత్వం వచ్చాయి.

గుర్తింపు పరిధి

* గుర్తింపు కళాశాలకు కాదు, కోర్సుకు. ఒకే కళాశాలలో సివిల్ శాఖకు ఉండి మెకానికల్ శాఖకు లేకపోవచ్చును.
* గుర్తింపునకు కాలపరిమితి ఉంటుంది.
* విశ్వవిద్యాలయ విభాగాలు, స్వయంప్రతిపత్తి గల కళాశాలలు మొదటి శ్రేణి (టయర్-1) క్రింద, ఇతర అనుబంధ కళాశాలలు రెండవ శ్రేణి క్రింద దరఖాస్తు చేస్తాయి. మొదటి శ్రేణి కోర్సులకే ఈ ఒప్పందం వర్తిస్తుంది.
* సాంకేతిక విద్యా మండలి అనుమతి వేరు, ఎన్.బి.ఏ. గుర్తింపు వేరు. రెండవది కళాశాల స్వచ్ఛందంగా కోరి పొందవలసినది.

అనంతపురం ప్రాంతం

సాలీనా సుమారు 550 మిల్లీమీటర్ల వర్షంపై ఆధారపడి వేరుసెనగ పండించే ఈ కరవు ప్రాంతంలో ఇంజనీరింగ్ చదువు అనేక రైతు కుటుంబాలకు ఊరు దాటే మార్గం. 1946లో గిండీలో ప్రారంభమైన ఇంజనీరింగ్ కళాశాల 1948లో అనంతపురానికి తరలివచ్చింది. 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, అనంతపురం దీనికి కొనసాగింపు. పట్టణాన్ని ఆనుకొని ఉన్న బుక్కరాయసముద్రం మండలంలోని రోటరీపురంలో ఈ విశ్వవిద్యాలయపు అనుబంధ కళాశాల ఉంది. ఇటువంటి కళాశాలల విద్యార్థులకు పైన చెప్పిన శ్రేణి భేదం ముఖ్యమైనది.

కువైట్ ఉదంతం

కువైట్ ఈ ఒప్పందంలో సభ్యదేశం కాదు. అయినను 2018లో అక్కడి ప్రభుత్వం విదేశీ ఇంజనీర్ల నివాస అనుమతి (అకామా) పొడిగింపునకు కువైట్ ఇంజనీర్ల సంఘం నిరభ్యంతర పత్రాన్ని తప్పనిసరి చేసింది. భారతీయ పట్టాలకు ఆ సంఘం ఎన్.బి.ఏ. గుర్తింపును ప్రమాణంగా తీసుకొన్నది. ఎన్.బి.ఏ. ఏర్పడక ముందు చదివినవారు, గుర్తింపు లేని కోర్సులు చదివినవారు ఏళ్ల అనుభవం ఉండి కూడా చిక్కులలో పడ్డారు. భారత ప్రభుత్వం ఈ విషయాన్ని కువైట్ దృష్టికి తీసుకొనిపోయింది.

పరిమితులు

పట్టాకు గుర్తింపు లభించుట వృత్తి లైసెన్సు లభించుట కాదు. అమెరికాలో ప్రొఫెషనల్ ఇంజనీరు లైసెన్సును రాష్ట్రాల బోర్డులు ఇస్తాయి. పరీక్షలు, అనుభవం అవసరం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు సాధారణంగా ఈ లైసెన్సు అక్కరలేదు. అందువలన అక్కడ స్థిరపడిన తెలుగు ఇంజనీర్లలో అనేకులకు ఈ ఒప్పందంతో పని పడలేదు. సివిల్ వంటి శాఖలవారికి మాత్రం ఇది కీలకం. చేరబోయే కోర్సుకు గుర్తింపు ఉన్నదీ లేనిదీ, ఏ సంవత్సరం వరకు ఉన్నదీ ఎన్.బి.ఏ. వెబ్‌సైటులో చూడవచ్చును.

ఇవి కూడా చూడండి

* బుక్కరాయసముద్రం
* అఖిల భారత సాంకేతిక విద్యా మండలి