యాభై రెండు ముక్కల ఇల్లు

మా అత్తగారికి ఎవరింటికి వెళ్ళినా ముందు వంటింట్లోకి తొంగిచూసే అలవాటుంది. హాల్లో సోఫాలు ఎంత ఖరీదైనవో, గోడమీద బొమ్మలెవరు వేశారో ఆవిడకి పట్టదు. పొయ్యి ఎక్కడుంది, నీళ్ళెలా వస్తాయి, గిన్నెలు ఏ అరలో ఉన్నాయి - అది తెలిస్తే ఆ ఇంటి సంగతంతా తెలిసినట్టే ఆవిడ లెక్కలో.

2010 డిసెంబరులో అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రపు ఓర్లాండో ఊరి చివర మేం దిగిన బసలోనూ ఆవిడ చేసిన మొదటి పని అదే. మా పెద్దమ్మ కూతురు అక్కడికి దగ్గర్లోనే టాంపాలో ఉంటుంది. తను పిలిస్తే వెళ్ళాం. రెండు కుటుంబాలూ, పిల్లలూ, అత్తగారూ కలిసి ఎనిమిది మందిమి. డిస్నీ బొమ్మల లోకం చూడకపోతే పిల్లలు ఊరుకోరు. హోటల్లో మూడు గదులు తీసుకోవాలంటే మా ఆయన మొహం ఎలా మారుతుందో నాకు తెలుసు. "నువ్వు హోటలు మాటెత్తకే, ఇల్లే దొరికింది, వారం మొత్తానికి ఆరువందల చిల్లర డాలర్లు" అంది అక్క.

తీరా చూస్తే నిజంగా ఇల్లే. రెండు పడకగదులు, హాలు, నాలుగు పొయ్యిల స్టవ్వు, ఫ్రిజ్, బట్టలుతికే మిషను, సొరుగునిండా చెంచాలు. అత్తగారు అరలన్నీ తెరిచి మూసి, "ఇంత సంసారం పెట్టుకుని వీళ్ళెక్కడికి పోయారమ్మా? ఎవరిదీ ఇల్లు?" అన్నారు.

"యాభై మందిదండీ అత్తయ్యగారూ" అంది మా అక్క. "ఏడాదికి యాభై రెండు వారాలు కదా. ఒక్కో వారం ఒక్కొక్కరు కొనుక్కుంటారు. ఒకటి రెండు వారాలు రంగులకీ రిపేర్లకీ వదిలేస్తారు. ఈ వారం ఒక పెద్దావిడది. ఆవిడ రాలేక మనకి అద్దెకిచ్చింది."

అత్తగారు ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "ఓహో, మా ఊరి గుళ్ళో అర్చకుల వంతుల్లాగా అన్నమాట" అని చేతులు కడుక్కుని బియ్యం కొలిచారు.

ఆ పోలిక ఎంత సరిగ్గా అతికిందో తరవాత తరవాత ఈ టైమ్‌షేర్ల పుట్టుపూర్వోత్తరాలు చదువుతుంటే తెలిసొచ్చింది. అన్నదమ్ముల పిల్లలు పెరిగినకొద్దీ అర్చకత్వం నెలకి పదిరోజులూ, వారం రోజులూ చొప్పున వంతులు పడుతుంది. వంతు ఎవరిదైతే ఆ రోజుల్లో హారతి పళ్ళెం వాళ్ళది. ఉత్సవం ఎవరి వంతులో పడితే వాళ్ళ అదృష్టం. ఇక్కడా అంతే. క్రిస్మసు ఏ వారంలో పడుతుంది, బడి సెలవులు ఏ వారంలో వస్తాయి అన్నదే అసలు ధర.

ఈ ఊహ మొదట అమెరికా వాళ్ళది కాదు. 1963లో స్విట్జర్లాండులో హాపిమాగ్ అనే సంస్థ వాటాదార్లకి సెలవు ఇళ్ళలో ఉండే హక్కు అమ్మింది. 1967లో ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండలమీద సూపర్‌దెవొలూయీ అనే చోట ఇంకొక కంపెనీ, ఏటేటా గది అద్దెకి తీసుకోవడం కంటే కొనేసుకోవడమే చవక అని జనానికి నచ్చజెప్పింది. మంచు పడే కాలంలో వారం రోజులు జారుడాట ఆడుకోవడానికి ఏకంగా ఇల్లు కొనలేని మధ్యతరగతి వాళ్ళకి అది బాగానే తోచింది. అక్కడితో ఆగితే ఇదొక చిన్న ముచ్చటగానే మిగిలిపోయేది.

పెద్ద వ్యాపారంగా మారింది మాత్రం ఫ్లోరిడాలో, అదీ ఒక కరువు కాలంలో. 1971 అక్టోబరులో ఓర్లాండో దగ్గర డిస్నీ వరల్డ్ తెరిచారు. సముద్రతీరం వెంట అప్పటికే కాండోలు, అంటే మన భాషలో ఫ్లాట్లు, పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. ఉత్తరాది చలికి తట్టుకోలేని వాళ్ళంతా వచ్చి కొనుక్కుంటారని బిల్డర్ల ఆశ. బ్యాంకులు కూడా అడిగిందే తడవుగా అప్పులిచ్చాయి. ఇంతలో 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు అమెరికాకి చమురు ఆపేశాయి. పీపా మూడు డాలర్లున్న చమురు నాలుగు నెలలు తిరక్కుండా పన్నెండు డాలర్ల దగ్గరికి పోయింది. పెట్రోలు బంకుల దగ్గర కార్లు బారులు తీరాయి. ఫ్లోరిడాకి జనం వచ్చేదే కార్లలో! బండిలో పోసుకోవడానికి పెట్రోలు లేనివాడు సముద్రం ఒడ్డున ఫ్లాటు ఏం కొంటాడు? 1974లో వడ్డీలు కూడా పన్నెండు శాతం దాకా ఎక్కి కూర్చున్నాయి. కట్టిన ఇళ్ళు కట్టినట్టే ఉండిపోయాయి. పరుపులు వేసి, పింగాణీ సర్ది, తాళం వేసిన ఇళ్ళు.

అప్పుడు ఎవరో యూరపు సంగతి గుర్తుచేసుకున్నారు. ముప్ఫైవేలకి మొత్తం ఇల్లు కొనేవాడు లేకపోతేనేం, ఒక్క వారం కొనేవాళ్ళు ఉండరా? ఇంటిని యాభై రెండు ముక్కలు చేశారు. పేకముక్కలూ యాభై రెండేనని ఎవరికైనా తోచిందో లేదో! తమాషా ఏమిటంటే, ముక్కలన్నీ అమ్మితే వచ్చే డబ్బు మొత్తం ఇంటి ధరకి ఎన్నో రెట్లయింది. కష్టకాలంలో గత్యంతరం లేక చేసిన పని మంచికాలంలో బంగారుబాతైంది.

మా అత్తగారు మురిసిపోయిన వంటిల్లు వెనక ఉన్న కథ ఇదీ. హోటలు కట్టేవాడు వంటిల్లు కట్టడు. కడితే వాడి రెస్టారెంటులో తినేదెవరు? ఈ బసల్లో స్టవ్వూ, ఫ్రిజ్జూ, అంట్లు తోముకునే తొట్టీ ఉండడానికి కారణం, మొదట్లో అవి ఎవరో కాపురం ఉండడానికి కట్టి, కొనేవాళ్ళు లేక మిగిలిపోయిన ఇళ్ళు కావడమే. తరవాత ప్రత్యేకంగా కట్టిన వాటిల్లోనూ ఆ వంటిల్లు అలాగే నిలిచిపోయింది.

ఏటా అదే ఊరు, అదే వారం అంటే ఎవరికైనా విసుగే కదా. దానికి మందు కనిపెట్టిన వాళ్ళలో ఒక ఆడమనిషి ఉంది. ఆవిడ గురించి కాస్త చెప్పాలని ఉంది. పేరు క్రిస్టెల్ డిహాన్. 1942లో జర్మనీలో నార్డ్‌లింగెన్ అనే చిన్న ఊళ్ళో, యుద్ధం మధ్యలో పుట్టింది. అమెరికా వచ్చి ఇండియానాపొలిస్‌లో స్థిరపడింది. 1974లో, సరిగ్గా ఆ కరువు కాలంలోనే, భర్త జాన్‌తో కలిసి ఆర్‌సిఐ అనే మార్పిడి సంస్థ పెట్టింది. నీ ఫ్లోరిడా వారం ఇక్కడ జమ చెయ్యి, ఇంకొకరి కొండమీది వారం తీసుకో - ఇంతే సూత్రం. మన అమ్మలు ఇత్తడిగిన్నెలు మార్చుకున్నట్టే. కాకపోతే గిన్నెకి బరువుంది, వారానికి రంగుంది: గిరాకీ ఉన్న వారాలు ఎర్రవి, మధ్యరకం తెల్లవి, ఎవరికీ అక్కర్లేనివి నీలివి. 1980ల చివర్లో భార్యాభర్తలు విడిపోయాక సంస్థ ఆవిడ చేతికొచ్చింది. 1996లో దాన్ని అమ్మేసి, 1998లో బీదపిల్లల చదువుకోసం క్రిస్టెల్ హౌస్ అనే సంస్థ పెట్టింది. దాని బడి ఒకటి మన బెంగుళూరులోనూ ఉంది. 2020లో పోయింది.

మన దేశంలోకి ఈ సంగతి ఆలస్యంగా వచ్చింది. 1986లో మద్రాసులో స్టెర్లింగ్ మొదలైంది, 1996లో మహీంద్రా వాళ్ళు దిగారు. హైదరాబాదులో ఒకసారి మాకూ బట్టల కొట్లో నింపిన కూపనుకి "బహుమతి" వచ్చిందని ఫోనొచ్చింది. భార్యాభర్తలిద్దరూ తప్పనిసరిగా రావాలన్నారు. వెళ్ళాం. ఏ కంపెనీయో చెప్పను. మూడుగంటలు కూర్చోబెట్టారు. టై కట్టుకున్న కుర్రాడు "మేడమ్, పిల్లల జ్ఞాపకాలకి ధర కడతారా?" అని నన్నే అడిగాడు, మా ఆయన్ని కాదు. పర్సు మగవాళ్ళదైనా తాళంచెవి ఎవరిదో వాళ్ళకి బాగా తెలుసు. పక్క బల్లమీద ఎవరో సంతకం పెట్టగానే గంట కొట్టి చప్పట్లు చరిచారు. మేం సంతకం పెట్టలేదు గనక బహుమతి ఒక వోచరుగా మారింది. దాన్ని వాడుకోవాలంటే ఇంకో మూడువేలు కట్టాలిట. ఫ్లోరిడా కథ కొంచెం ముందే తెలియడం వల్ల బతికిపోయాం గానీ, ఆ కుర్రాడి మాటలకి నా కళ్ళు చెమర్చిన సంగతి ఒప్పుకుంటాను.

ఆ కుర్రాడు మెల్లిగా అన్నదల్లా ఒక్క మాట: ఏటా కట్టాల్సిన మెయింటెనెన్స్ ఫీజు. వారం వాడుకున్నా, వాడుకోకపోయినా కట్టాలి. అమెరికాలో చాలా టైమ్‌షేర్లకి గడువన్నదే లేదు. దస్తావేజు రాసిస్తారు, తరవాత వారసులకి కూడా పోతుంది. ఇంటివాటా అనుకుని కొన్నది చివరికి ఫీజువాటా అవుతుంది. ఈ బాధ చూసే బ్రిటన్‌లో 1992లో, యూరపియన్ యూనియన్ దేశాలకి 1994లో చట్టాలు వచ్చాయి. సంతకం పెట్టినా ఫలానా రోజుల్లోగా మనసు మార్చుకోవచ్చని. యూరపులో ఇప్పుడది పద్నాలుగు రోజులు, ఆ గడువులో అడ్వాన్సు పుచ్చుకోవడం కూడా నిషిద్ధమే. ఫ్లోరిడాలో పది రోజులు.

ఇక 2008. సెప్టెంబరు 15న లేమాన్ బ్రదర్స్ దివాలా తీసింది. టైమ్‌షేర్ కంపెనీలు వారాలు వాయిదాలమీద అమ్మి, ఆ వాయిదాలు చూపించి బజార్లో అప్పు తెచ్చేవి. అప్పు పుట్టడం ఆగిపోయింది. 2007లో 1,000 కోట్ల డాలర్లు దాటిన అమెరికా అమ్మకాలు 2009కి 600 కోట్ల పైచిలుకుకి దిగాయి. ఓర్లాండోలో ఈ వ్యాపారంతో కోట్లు గడించిన డేవిడ్ సీగెల్ అనే ఆయన, ఫ్రెంచి రాజుల వెర్సాయ్ కోటని చూసి 90,000 చదరపు అడుగుల ఇల్లు కట్టించుకుంటూ మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. దానిమీద లారెన్ గ్రీన్‌ఫీల్డ్ అనే ఆవిడ తీసిన డాక్యుమెంటరీ 2012లో వచ్చింది. ఇళ్ళని ముక్కలు చేసి అమ్మినాయనకి తన ఇల్లు మొండిగోడలతో నిలబడడం! నేనే నవలలో రాస్తే నమ్మరు.

పెద్దవాళ్ళ సంగతి అలా ఉంచి, ఆ రోజుల్లో ఒక్కో వారం కొనుక్కున్న మామూలు వాళ్ళ పాట్లు చూడాలి. ఉద్యోగం పోయినవాడికి ప్రయాణం లేదు గానీ ఫీజు ఉంది. వేలు పోసి కొన్న వారాల్ని ఇంటర్నెట్ వేలంలో ఒక్క డాలరుకి పెట్టారు. అయినా కొన్నిటిని తీసుకునే నాథుడు లేడు. మీ వారం వదిలిస్తామని ముందుగా డబ్బు గుంజి మాయమైన మోసగాళ్ళు వీళ్ళకి అదనం.

మా అక్కకి ఆరువందలకి ఇల్లు దొరికింది ఈ గాలివానలోనే. ఆ పెద్దావిడ ఒహాయోలో ఉంటుందిట. 1985లో భర్త రిటైరు కాబోతూ తొమ్మిదివేలు పోసి ఆ వారం కొన్నాడు. ఇరవై ఏళ్ళు ఇద్దరూ కారులో వచ్చి వెళ్ళేవాళ్ళు. ఆయన పోయాక ఆవిడ ఒక్కతీ అంతదూరం రాలేకపోయింది. ఆవిడ అడిగిన ఆరువందలు సరిగ్గా ఆ ఏడు ఫీజు. లాభమడగలేదు. ఫోనులో మా అక్కతో, "వంటింటి కిటికీలోంచి చెరువు కనిపిస్తుంది, పొద్దున్నే కొంగలొస్తాయి, పిల్లలకి చూపించు" అని చెప్పిందిట. అక్క ఆ మాట చెప్పేదాకా నేను ఆ బేరానికి తెగ సంబరపడుతున్నాను.

చవకబస వెతకడంలో అక్క ఆరితేరింది. ఎప్పుడూ కొనదు, అద్దెకే తీసుకుంటుంది. ఓర్లాండోలో ఇళ్ళు ఎక్కువ, కాబట్టి బళ్ళు నడుస్తున్న రోజుల్లో, థాంక్స్‌గివింగ్ పండగకీ క్రిస్మసుకీ మధ్య రెండుమూడు వారాల్లో ఫీజు కంటే తక్కువకే ఇచ్చేవాళ్ళుంటారు. మార్పిడి సంస్థలు కూడా ఎవరూ అడగని వారాల్ని ఆఖరి నిమిషంలో బాగా తగ్గించి ఇస్తాయి. డబ్బు పంపే ముందు తనే స్వయంగా ఆ బసకి ఫోను చేసి, బుకింగు తన పేరుమీదికి మారిందా అని కనుక్కుంటుంది. అక్కడ దిగాక "ఉచిత ఉపాహారం, తొంభై నిమిషాలు మాట్లాడితే చాలు" అని ఎవరైనా పలకరిస్తే, వినబడనట్టు నడిచిపోతుంది. తొంభై నిమిషాలన్నది ఏనాడూ తొంభైతో ఆగలేదుట.

2020లో కరోనాతో విమానాలు ఆగినప్పుడు మళ్ళీ అదే కథ. ఇళ్ళు మూతపడ్డాయి, ఫీజు బిల్లులు రావడం మానలేదు. కాస్త తెరిపిన పడ్డాక మాత్రం, హోటలు భోజనానికి భయపడ్డ వాళ్ళంతా కార్లేసుకుని వంటిల్లున్న బసల్నే వెతుక్కున్నారు. ఆ ఏడు అక్కావాళ్ళు కూడా బియ్యం, పప్పు, ఆవకాయ సీసా డిక్కీలో పెట్టుకుని వెళ్ళారు.

ఆ పెద్దావిడ వారం మాత్రం 2011లోనే పోయింది. ఇంకో ఏడాదికి అడుగుదామని అక్క ఫోను చేస్తే, ఒక్క డాలరుకి ఇచ్చేస్తున్నాననీ, బదిలీ ఖర్చులు కూడా తనే పెట్టుకుంటాననీ, "నీకు కావాలా తల్లీ" అనీ అడిగిందిట. మా బావగారు ఉబలాటపడ్డారు, డాలరేగా అని. అక్క రాత్రంతా ఆలోచించి నాకు ఫోను చేసింది. నేను ఫీజు లెక్క వేశాను, పిల్లల పేర్లు దస్తావేజులోకి ఎక్కడం గురించి చెప్పాను. మర్నాడు అక్క ఆవిడకి వద్దని చెప్పింది. "ఫరవాలేదు, నేనైనా తీసుకోను" అందిట ఆవిడ.

ఆ వారం ఆఖరి రోజు పొద్దున్న పది గంటలకల్లా తాళంచెవి ఇచ్చెయ్యాలి. అత్తగారు అట్లు పోసి, పొయ్యి తుడిచి, ఎవరి వస్తువు ఎక్కడున్నదక్కడ పెట్టించారు. ఇండియా నుంచి వెంట తెచ్చుకున్న ఇనప అట్లకాడ మాత్రం చెంచాల సొరుగులో మరిచిపోయారు. యాభయ్యో వారం వాళ్ళు దాన్నేం చేసుకున్నారోనని ఇప్పటికీ అడుగుతుంటారు.